తేనె కొండ మట్టి

తూమసినా
జూన్ మొదటి వారం

ప్రియమైన అన్నయ్యకి,

బబకూతు పొద్దున్నే కొండ మీద పాడేది రమ్మనడానికా, రావద్దనడానికా?

ఈ ప్రశ్న నేను నాన్నను అడిగిన రోజు నీకు గుర్తుందో లేదో. మనం లవంగాలు ఆరబోయడానికి చాపలు పరుస్తున్నాం. ఎదురుగా తేనె కొండ మీద ఆ ఏడుపులాంటి పాట మొదలైంది. నాన్న చేతిలో పని ఆపకుండా, "పెళ్లయితే నీకే తెలుస్తుందిలే" అన్నాడు. పెళ్లయింది. అది ముగిసింది కూడా. విశ్వవిద్యాలయంలో చదివాను, ఇప్పుడు అక్కడే పిల్లలకి జంతుశాస్త్రం చెబుతున్నాను. ఇంకా తెలియలేదు. క్లాసులో మాత్రం ధైర్యంగా చెబుతాను: పక్క కుటుంబానికి 'ఇది మా చోటు' అనీ, తప్పిపోయిన సొంతవాళ్లకి 'ఇక్కడున్నాం' అనీ, చెట్ల మీద బతికే ఈ పెద్ద లెమూర్ ఒకే పాటతో రెండు పనులూ చేస్తుందని. పిల్లలు రాసుకుంటారు. వినే జంతువుకి ఏది ఏదో ఎలా తెలుస్తుందని ఒక్కరూ అడగరు. అడిగితే నీళ్లు నమలడమే.

అసలు సంగతికి వస్తాను. తేనె కొండ మీద మిగిలిన ఆ ఒక్క బబకూతు కుటుంబాన్ని, అంటే మనూళ్లో అందరూ 'అత్త' అని పిలిచే ఆడదాన్నీ, దాని మొగుణ్ణీ, కూతుర్నీ, అక్కణ్ణించి తీసి ఉత్తరాన పెద్ద అడవిలో వదలాలని రాజధానిలో ఒక సంస్థవాళ్లు అనుకుంటున్నారు. చుట్టూ కొండలన్నీ వరి కోసం కాల్చేశాక తేనె కొండ దీవిలా మిగిలింది. కూతురు ఎదిగాక దానికి జోడు ఎక్కడ దొరుకుతుంది? పైగా వాగులో బంగారం కడిగేవాళ్లు దిగారని నువ్వే రాశావు. మనకు బబకూతు చుట్టం, దాన్ని ముట్టడం నిషేధం. తేనె తీయబోయి చెట్టు మీంచి జారిన మన ముత్తాతను పట్టుకుని కాపాడింది. ఆ బంగారం కడిగేవాళ్ల ముత్తాతలు వేరే చెట్ల మీంచి పడ్డారు, వాళ్లకి ఆ నిషేధం లేదు.

ఊరి పెద్దలు సరేననకుండా ఎవరూ కొండెక్కరు. ఊరి పెద్దరికపు కర్ర ఇప్పుడు నీ చేతిలో ఉంది కాబట్టి అడగాల్సింది నిన్ను. అడగమన్నది నన్ను, ఆ ఊరి ఆడపిల్లనని. నాకు మాత్రం భయంగానే ఉంది. బోనులో పెడితే బబకూతు ఆకు ముట్టకుండా చచ్చిపోతుంది, ఇది అందరికీ తెలుసు. అడవిలోంచి అడవిలోకి అయితే వేరు అంటున్నారు. కొన్ని బతికాయట, కొన్ని లేదట. ఎందుకో వాళ్లకీ తెలియదు.

నువ్వు వద్దంటే బాగుండునని ఒక పూట అనిపిస్తుంది. సరేనంటే బాగుండునని మరో పూట. వదిన మోకాలు ఎలా ఉంది?

నీ చెల్లెలు
జఫిసువా

*

అంబూదివార
జూన్ ఆఖరు

చెల్లెమ్మా,

నీ ఉత్తరం నార్సిస్ బండి మీద వచ్చింది. ఎండుచేపల బుట్ట కింద పెట్టి తెచ్చాడు, ఇంకా వాసనొస్తోంది. ఎప్పటిలాగే పెద్దల్ని గుమ్మం ముందు కూర్చోబెట్టి గట్టిగా చదివాను. నీ పెళ్లి మాట వచ్చిన చోట గొంతు తగ్గించాను. అయినా విన్నారు.

ముసలి తియావావి ముందు నవ్వింది. "ఒరే బెతూంబూ, పట్టదలిస్తే ముందు అత్తను పట్టమను. ఆవిడ ఎటు పోతే ఆయన అటు. ఆయన్ని ముందు పడితే ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడదు."

"నీ మొగుడు అలాగే పోయాడుగా," అన్నాడు వెనక నుంచి ఎవడో.

"పోతే పోయాడు. తిండి ముందు నాకే దక్కింది."

ముసల్ది అన్నది నిజమే. అత్త పైకొమ్మ మీద లేత చిగుళ్లు తిని, కడుపు నిండాక జరిగితే గాని ఆయన నోరు తెరవడు. కింద కొమ్మ మీద చేతులు కట్టుకున్నట్టు కూర్చుంటాడు. మీ వదిన పొలం గట్టు మీంచి ఆయన్ని చూపించి నాకు పాఠం చెబుతూ ఉంటుంది.

నవ్వులయ్యాక అసలు మాటకి వచ్చాం. మొన్న బంగారం కడిగేవాడొకడు మన ఇంటికి కాఫీకి వచ్చాడు. కొండ మీద పాట విని, "మీ చుట్టం బాగా ఒళ్లు చేసిందే. ఉడకాలంటే చాలా కట్టెలు కావాలేమో" అన్నాడు. మేమెవరమూ నవ్వలేదు. వాడొక్కడే నవ్వాడు. పెద్దల్లో సగం మంది ఆ నవ్వుకే ఒప్పుకున్నారు. మిగతా సగం నా ముఖం చూసి ఒప్పుకున్నారు. అదే నాకు భయం.

మా మాట విను. ఊరు విడిచే మనిషి ఊరి మట్టి కట్టుకుని పోవాలి. నువ్వు చదువుకి పోయేటప్పుడు అమ్మ నీ గౌను అంచులో పెట్టి కుట్టింది. అత్తకి గౌను లేదు కాబట్టి సంచితో ఇస్తాం. ఎక్కడి మట్టో కాదు. కొండ వెనక ఎర్రగట్టు తెగిన చోట, అత్త చెట్టు దిగి వచ్చి కూర్చుని తింటుంది చూడు, ఆ మట్టి. చిన్నప్పుడు మనిద్దరం పొదలో దాక్కుని చూశాం. నువ్వూ కొంచెం నోట్లో వేసుకున్నావు.

ఇంకో మాట. పరాయి నేల మీద పోతే ఎముకలైనా మన సమాధుల దగ్గరికి రావాలి. చుట్టం అన్నాక అంతే కదా. సమాధుల దగ్గర చెరుకు సారా పోసి, పోయిన పెద్దలకి ఈ సంగతి చెప్పాల్సింది నేను. బతికున్నవాళ్లకి అబద్ధం చెబితే తిడతారు, ఊరుకుంటారు. వాళ్లకి చెబితే కర్ర చేతిలో నిలవదు. అది నాన్న పట్టుకున్న కర్ర.

వదిన మోకాలు అలాగే ఉంది. నోరు మాత్రం బాగుంది.

నీ అన్న
బెతూంబు

*

తూమసినా
జూలై

ప్రియమైన అన్నయ్యా,

సంస్థవాళ్లకి నీ షరతులు రెండూ చెప్పాను. ఎముకల మాటకి పెద్దాయన తల గోక్కున్నాడు. మట్టి మాటకి మాత్రం ఎగిరి గంతేశాడు. మేం కూడా అదే అనుకుంటున్నాం అన్నాడు. కొన్ని ఆకుల్లో, గింజల్లో ఉండే విషం విరగడానికి బబకూతులు మట్టి తింటాయని మా ఊహ. కొత్త చోట కొత్త ఆకులు కదా, అలవాటయ్యేదాకా పాత మట్టి ఉంటే మంచిదే.

మీరు అనేదీ మేం అనేదీ మొదటిసారి ఒకే సంచిలో పడ్డాయి. దానికి నేను సంతోషించాలి. కానీ నీకు తెలుసుగా నా సంగతి, ఎవరికీ అనుమానం లేని చోట నాకు అనుమానం ఎక్కువ. మనిద్దరం ఒక్క మాట మీద నిలబడిన సందర్భాలు తలుచుకుంటే, ఆ పడవ కొనడం, నా పెళ్లి, ఒక్కటీ సవ్యంగా జరగలేదు.

ఈ జూలై చలి తగ్గకముందే వస్తాం. మత్తుసూది కొట్టేవాడు నెమ్మదస్తుడు. చెట్టు కింద దుప్పటి పట్టుకోవడానికి గట్టి చేతులవాళ్లు కావాలి, చూసి ఉంచు.

నీ
జఫిసువా

*

ఉత్తరపు అడవి, శిబిరం
సెప్టెంబరు

అన్నయ్యకి, వదినకి, గుమ్మం ముందు కూర్చున్న అందరికీ,

ఇది గట్టిగా చదవొచ్చు.

ముగ్గురూ క్షేమం. దారంతా బోను మీద వదిన ఇచ్చిన గుడ్డ కప్పే ఉంచాం. నార్సిస్ గుంతల దగ్గర బండి నెమ్మదిగా నడిపాడు. మనుషులు ఎక్కినప్పుడు ఎప్పుడూ నడపలేదు. తియావావి అవ్వ చెప్పినట్టే అత్తనే ముందు వదిలాం. ఆమె ఒక కాండం మీంచి ఇంకో కాండం మీదికి దూకి, ఆగి, వెనక్కి చూసింది. అవ్వకి చెప్పు, చూసింది. మొగుడూ కూతురూ వెంటపడ్డారు.

మొదట్లో ఆకు ముట్టలేదు. కొమ్మ కరుచుకుని కూర్చుంది, ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకుని. పాటా లేదు. నేను చెట్టు కింద తడి నేల మీద కూర్చుని, మీ అందరి ముఖాలూ తలుచుకుంటూ, ఏ ముఖంతో ఉత్తరం రాయనా అనుకున్నాను. సంచి విప్పి మట్టి ఒక పెద్ద చెట్టు మొదట్లో, నీడగా ఉన్నచోట పోశాను. పై కొమ్మలో కట్టాలా అని ఆలోచించాను. ఊళ్లో నేల మీద కూర్చునే తినేది కదా, ఇంటి దగ్గర ఎలాగో అలాగే ఉండనీ అనుకున్నాను.

దిగింది అన్నయ్యా. ముందు వాసన చూసింది. తర్వాత నల్లటి చేత్తో కొంచెం తీసుకుని, మనం వేడి అన్నం తిన్నట్టు, నెమ్మదిగా. కళ్లు మూసుకుంది. ఆ మర్నాడే చిగుళ్లు తింది. ఆ తర్వాత ఒక పొద్దున ముగ్గురూ పాడారు. కొత్త కొండలు ఆ పాటను తిప్పి ఇచ్చే తీరు వేరుగా ఉంది, అయినా అదే పాట.

ఇప్పుడు తరచూ దిగి వస్తోంది. మట్టి చూస్తే ఆమె నడకే మారిపోతుంది.

ఇక్కడ రాత్రి అన్నం వండిన కుండ మాడులో నీళ్లు మరగబెట్టి తాగడానికి ఇస్తారు, వదిన పెట్టినంత బాగుండదు. మీ అందరి దగ్గర సెలవు.

మీ పిల్ల
జఫిసువా

*

అంబూదివార
నవంబరు

బంగారు చెల్లీ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివించుకున్నారో. వాగవతలి ఊరివాళ్లు కూడా వచ్చి విని పోయారు. "వెనక్కి చూసింది" దగ్గర తియావావి ప్రతిసారీ, "ఆ, మళ్లీ చదువు" అంటుంది.

"చూసింది మొగుడి కోసం కాదు ముసలీ, దారి కోసం" అన్నాను.

"నీకేం తెలుసురా. మొగుణ్ణే."

మట్టి తిన్న సంగతి విన్నాక ఇక ఆగలేకపోయాను. మంచిరోజు చూసి సమాధుల దగ్గరికి పోయి చెరుకు సారా పోశాను. ఊరంతా వచ్చింది. కర్ర నేలకి ఆనించి, మీ చుట్టం క్షేమం, కొత్తచోట మన మట్టి తిని నిలదొక్కుకుంది, మాట నిలిచింది అని పెద్దలకి గట్టిగా చెప్పాను. నా గొంతు అంత బాగా పలకడం నేనెప్పుడూ వినలేదు. నాన్న విని ఉంటాడనిపించింది.

మొదటి సంచి ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఎర్రగట్టు దగ్గర నేనే తవ్వి ఇంకోటి కట్టించి నార్సిస్‌కి ఇచ్చాను. తడవనివ్వకు.

లవంగాలు కోతకొచ్చాయి. పొద్దున్నే చెట్లెక్కి అందరూ ఒక్క క్షణం ఆగుతారు, అలవాటుకొద్దీ. కొండ వైపు నుంచి ఏమీ రాదు. మళ్లీ కోతలో పడతారు. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోరు.

బంగారం కడిగేవాళ్లు వెళ్లిపోయారు. వాగులో ఇక ఏం పడలేదట. ఆ కాఫీ తాగినవాడు పోతూ పోతూ మీ వదినకి ఒక జల్లెడ ఇచ్చి పోయాడు. తేనె కొండ ఎలా ఉండేదో అలాగే ఉంది. మీ వదిన నిన్న బియ్యం ఏరుతూ, "కొన్నాళ్లు ఆగి ఉంటే సరిపోయేదేమో" అంది. నోరు ముయ్యమన్నాను. నీకు రాయకూడదనుకున్నాను. రాసేశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుంది.

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. పని ఎక్కువనుకుంటాను.

నీ అన్న
బెతూంబు

*

అంబూదివార
డిసెంబరు

జఫీ,

నార్సిస్ మళ్లీ ఖాళీ చేతులతో వచ్చాడు. సంచి నీ చేతికే ఇచ్చానంటున్నాడు. "ఏమందిరా" అంటే, "ఏమీ అనలేదు, తీసుకుని శిబిరం గుడిసె గుమ్మంలోనే నిలబడింది" అన్నాడు. "ఒంట్లో బాగుందా?" అన్నాను. "ఏమో, నాకు డబ్బులివ్వడం మర్చిపోయింది, నేనూ అడగలేదు" అన్నాడు. వాడు అడగలేదంటే నాకు భయమేసింది.

గుమ్మం ముందు వాళ్లకి నీకు శిబిరంలో పని ఎక్కువని చెప్పాను.

రెండు ముక్కలైనా రాయి.

అన్నయ్య

*

ఉత్తరపు అడవి, శిబిరం
డిసెంబరు

అన్నయ్యా,

ఈ ఉత్తరం గట్టిగా చదవకు. ముందు నువ్వొక్కడివే చదువు. తర్వాత నీ ఇష్టం.

అత్త లేదు.

నువ్వు రెండో సంచి కట్టే నాటికే లేదు. సమాధుల దగ్గర సారా పోసిన నాటికీ లేదు. రాయాల్సింది అప్పుడే. ఒక్కో కాగితం తీసి, అన్నయ్యా అని రాసి, అక్కడే ఆగిపోయాను. ఇంతలో నీ ఉత్తరం, సంచి కలిసి వచ్చాయి.

ఒక పొద్దున పాట మొదలైంది. ముందు మొగుడి గర్జన, ఆ వెంటనే కూతురి సన్న గొంతు. తర్వాత రావాల్సింది పైనుంచి కిందికి జారే ఆమె గొంతు. అది రాలేదు. వాళ్లిద్దరూ ఆగి, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నారు. నేను పరుగెత్తాను. ఎటు పోవాలో నాకు తెలుసు.

మట్టి పోసిన చోటే ఉంది. ఫూసా పని. మన చిన్నప్పుడు కోళ్ల గూళ్లు ఖాళీ చేసేది చూడు, పిల్లిలా పొడవుగా, కుక్కంత, అదే. తడి నేల మీద దాని అడుగులున్నాయి. ఆమె మూతికి ఎర్రమట్టి అంటుకుని ఉంది. అది నీకు రాయకుండా ఉండాలని చూశాను. రాయకపోతే నువ్వు ఎప్పటికీ అడగవు, నేను ఎప్పటికీ చెప్పను, ఇద్దరం ఆ సంచి గురించి మంచిగా మాట్లాడుకుంటూ ముసలివాళ్లమవుతాం. అది నా వల్ల కాదు.

ఇక్కడ అందరూ నాకు ధైర్యం చెప్పారు. ఫూసా చెట్టూ ఎక్కుతుంది, కొమ్మ మీద నిద్రలో ఉన్నా పట్టుకునేదే అన్నారు. నిజమే. మన మట్టి లేకపోతే ఈ అడవి మట్టి కోసమైనా దిగేది అన్నారు. అదీ నిజమే కావచ్చు. కానీ అప్పుడైతే ఆమె కొత్త అడవిలో వెతుక్కుంటూ, బెదురుతూ, ఒకసారి దిగి రెండుసార్లు పైకెక్కేది. మన మట్టి దగ్గరికి వచ్చినప్పుడు అలా రాలేదు. ఇంటి గుమ్మంలోకి వచ్చినట్టు వచ్చేది, చుట్టూ చూడకుండా. నేనే చూశాను కదా. చూసి మురిసిపోయి మీకు రాశాను కదా.

ఇంకోటి కూడా తలుచుకున్నాను. తేనె కొండ మీద ఫూసా లేదు. కోళ్లు పోతున్నాయని నాన్న కాలంలో మనవాళ్లే ఒకదాన్నీ మిగల్చకుండా చంపేశారు. చివరిదాని తోలు మన పొయ్యి పైన వేలాడేది. అత్త పుట్టినప్పటి నుంచీ నేల అంటే భయం ఎరగదు. అయితే దీన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి? మన కోళ్ల దగ్గర్నుంచా, సంచి దగ్గర్నుంచా, కాఫీ తాగి నవ్వినవాడి దగ్గర్నుంచా, నా మొదటి ఉత్తరం దగ్గర్నుంచా?

వదినను కోప్పడకు. ఆ మాట ఆమె కంటే ముందు నేను అనుకున్నాను. ఆగి ఉంటే సరిపోయేదేమో. ఆగి ఉంటే, బంగారం దొరక్క, కడుపు కాలి, పోయే ముందు వాళ్లు ఏం ఉడికించుకునేవాళ్లో. రెండూ ఒకే బరువుతో తూగుతున్నాయి నాలో. సంస్థ పెద్దాయన "ముగ్గురిలో ఇద్దరు బతికారు, ఇది గెలుపే" అన్నాడు. మంచి మనిషే. ఆయన ఆమెను అత్త అని ఎప్పుడూ పిలవలేదు, అంతే తేడా.

ఎముకలు ఇవ్వనన్నాడు. రాజధానిలో దాచి పిల్లలకి పాఠం చెబుతామన్నాడు. "ఆవిడకి సమాధి ఉందండీ" అన్నాను. నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. ఇచ్చేశాడు. వదిన గుడ్డలోనే చుట్టి ఉంచాను. మంగళవారం కాకుండా చూసుకుని నార్సిస్ బండిలో నేనే తెస్తాను. అంటే తెస్తామన్న మాట మనం తప్పలేదు. కానీ క్షేమమని నువ్వు పెద్దలకి చెప్పినప్పుడు ఆమె ఎక్కడున్నట్టు? వాళ్ల దగ్గరికే చేరి, వాళ్ల మధ్యే కూర్చుని నీ మాట విని ఉంటుందేమో. నవ్విందో, జాలిపడిందో. నువ్వు అబద్ధం చెప్పలేదు అన్నయ్యా, నేను నిజం ఆలస్యంగా చెప్పాను. కర్ర విషయం ఊరివాళ్లు అడిగితే ఈ ముక్క మాత్రం గట్టిగా చదువు.

మొగుడూ కూతురూ తింటున్నారు. పైకొమ్మ మీద ఆమె కూర్చునే చోట ఆయన కూర్చోడు. కింద కొమ్మ మీదే ఉంటాడు, పైన ఎవరో తింటున్నట్టు ఆగి, తర్వాత తింటాడు. రోజూ పొద్దున ఇద్దరూ పాడుతున్నారు. ఆమె గొంతు రావాల్సిన చోట ఇప్పుడు ఆగడం లేదు, కూతురే అందుకుంటోంది, ఇంకా సరిగ్గా పలకదు.

మొన్నటి నుంచి లోయ అవతల ఇంకో కుటుంబం జవాబిస్తోంది. శిబిరంలో అందరూ సంబరపడ్డారు. కూతురికి జోడు దొరికినట్టే అన్నారు. నేను అందరికంటే ఎక్కువసేపు విన్నాను. రమ్మంటున్నారా, ఇది మా చోటు, రావద్దంటున్నారా? ఇన్నేళ్లు పాఠం చెప్పాను, నాకు తెలియలేదు. కూతురు కొమ్మ చివరి దాకా వెళ్లి వింటుంది. దానికీ తెలిసినట్టు లేదు, వెళ్లదు, వెనక్కీ రాదు.

నువ్వు పంపిన సంచి నా గుమ్మం దగ్గరే ఉంది. తడవలేదు. కూతురు అప్పుడప్పుడు తల్లి దిగిన చోటికి దిగుతోంది. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు, వాన కడిగేసింది. అయినా వేళ్లతో గీకి, వేళ్లు నాకి, పైకి పోతుంది. సంచి విప్పితే దాన్ని అక్కడికి నేనే పిలిచినట్టు. విప్పకపోతే ఊరి మట్టి లేకుండా దాన్ని పరాయి నేల మీద వదిలినట్టు. పై కొమ్మలో కట్టొచ్చు కదా అంటావు. కట్టబోయి చెట్టెక్కాను కూడా. అంత ఎత్తున అది మట్టి అని గుర్తుపడుతుందా, ఇంటి వాసన తగిలి అచ్చం తల్లిలా కిందికే వెతుక్కుంటూ దిగుతుందా అని అక్కడే అనుమానం వచ్చింది. దిగిపోయాను.

నీకు ఉత్తరం రాస్తూ ఉంటే తేలుతుందనుకున్నాను. తేలలేదు. వచ్చేటప్పుడు ఎముకలతో పాటు ఆ సంచి కూడా తేవాలో, ఇక్కడే ఉంచాలో, నాకు ఇంకా తెలియడం లేదు.

నీ
జఫిసువా